సుభానీ చూడని కూత

నేను ఒక రిమోట్‌ని. ఒళ్ళంతా మీటలే గానీ నోరు లేదు. నొక్కినవాళ్ళ మాటే నా మాట. ఈ ఒక్కసారికి ఎవరూ నొక్కకుండానే చెప్పుకుంటున్నాను, వినండి.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. ఒకే పోలికతో వేలమందిమి పుట్టి తలో ఊరికీ పోయాం. నా వంతుకు తెనాలిలో ఒక లాడ్జి వచ్చింది. ఎవరైనా ఎత్తుకుపోతారని అక్కడ నన్ను మంచం కోడుకు తాడేసి కట్టారు. టీవీ లేకుండా నన్నొక్కదాన్నీ ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారో ఆ మేనేజరుకే తెలియాలి. లాడ్జి మూతపడ్డాక టీవీ, కేబుల్ పెట్టె, నేను ముగ్గురం కలిసి రేపల్లెలో సుభానీ టైలర్ షాపుకు చేరాం.

సుభానీ భార్య మస్తాన్‌బీ నన్ను చూడగానే చొక్కాల ప్లాస్టిక్ కవరొకటి తొడిగి రబ్బరు బ్యాండు వేసింది. ఆవిడ చాలా జాగ్రత్త మనిషి. సుభానీ మర్నాడే ఆ కవరు పీకి పారేశాడు. మీట వేలికి తగలకపోతే ఆయనకు నొక్కినట్టే ఉండదట. అప్పట్నుంచీ కత్తిరింపుల బల్ల మీద సుద్దపొడిలో, మిషను నూనెలో నా బతుకు సాగింది. బ్యాటరీలు అయిపోతే కొత్తవి కొనడు. బయటికి తీసి అరచేతుల మధ్య దొర్లించి, పంటితో కొరికి, మళ్ళీ లోపల పెడతాడు. అప్పటికీ మాట వినకపోతే నన్ను తొడమీద రెండు బాదుతాడు. మనిషి మంచివాడే. చెయ్యే కాస్త దురుసు.

మిషను తొక్కుతూ ఆయన చెప్పని అభిప్రాయం లేదు. కామెడీ షోల్లో జోకు పూర్తికాకముందే జడ్జీలు కుర్చీలోంచి పడి నవ్వుతున్నారని, అంత నవ్వు వాళ్ళే నవ్వేస్తే మనకింకేం మిగులుతుందని ఆయన బాధ. మగాడికి చీర కట్టించి చెంపమీద కొట్టడం తప్ప వీళ్ళకింకేమీ రాదనేవాడు. అంటూనే ఆ చీర జాకెట్టు కుట్టు బాగోలేదని వంక పెట్టేవాడు. ఆటగాళ్ళను ఏటేటా వేలం పాడితే, నిరుడు తిట్టినవాణ్ణి ఈ ఏడు ఏ మొహం పెట్టుకుని పొగడాలనేవాడు. హైలైట్స్ అంటే మాత్రం మంట. పెళ్ళికి పోకుండా ఫోటోలు చూసినట్టుంటుందట.

ఇంత నోరున్న మనిషి తమ్ముడి ఊసొచ్చేసరికి మెత్తబడిపోయేవాడు. తమ్ముడు నాగుల్ మీరా కబడ్డీ ఆడతాడు. తల్లిదండ్రులు పోయాక సుభానీయే పెంచాడు, తొలి నిక్కరు ఆయనే కుట్టాడు. నిరుడు వేలంలో పెద్ద జట్టొకటి మీరాను తీసుకుంది. టీవీలో తమ్ముడు కూతకు దిగుతుంటే కళ్ళారా చూడాలి. సుభానీ కోరిక అదొక్కటే.

తీసుకున్నారే గానీ దింపలేదు. మీరా బెంచీ మీదే కూర్చున్నాడు. సుభానీ చూసిన మొదటి మూడు ఆటలూ జట్టు ఓడిపోయింది. నాలుగో ఆటనాడు కరెంటు పోయి చూడలేదు, గెలిచింది. అప్పుడు పేరయ్య మాస్టారు, అంటే బడిలో మీరాకు కబడ్డీ నేర్పిన డ్రిల్లు మాస్టారు, చొక్కా కొలతలిస్తూ తీర్పు చెప్పేశాడు.

"సుభానీ, నీ కన్ను మంచిది కాదయ్యా. తమ్ముడు బాగుపడాలంటే నువ్వు చూడమాక."

నాకు నవ్వొచ్చింది. ఎక్కడో పట్నంలో ఆడేవాళ్ళ కాళ్ళను రేపల్లెలో కూర్చున్న దర్జీ కన్ను ఎలా పట్టుకుంటుంది? అడుగుదామంటే నాకు నోరేదీ. సుభానీ మాత్రం ఎదురు చెప్పలేదు. ఆనాటి నుంచి ఆట ఉన్న సాయంత్రాల్లో కామెడీ పెట్టుకుని కూర్చునేవాడు. పేరయ్య ఎదురుగా ఉన్న టీ కొట్లో చూస్తూ స్కోరు కేకేసేవాడు. జట్టు గెలుస్తూ పోయింది. ఇక ఆ నమ్మకాన్ని కదిలించేదెవరు?

ఆటల ఛానల్ నంబరులో రెండు మూళ్ళున్నాయి. రెండు నెలలుగా ఎవరూ తాకని నా మూడు అంకె మీట కింద సుద్దా నూనే కలిసి గడ్డకట్టాయి. నాకు తెలుస్తూనే ఉంది. ఎవరితో చెప్పుకోను?

సీజన్లో చివరి ఆట నాడు స్కోరు సమానం. ఆఖరి కూత మిగిలింది. జట్టులో కూతకు వెళ్ళేవాడికి మోకాలు పట్టేసింది.

"సుభానీ! మీరా దిగుతున్నాడు!" పేరయ్య కేక వీధి దాటి వచ్చింది.

సుభానీ మిషను ఆపాడు. కన్నూ లేదు, గిన్నూ లేదు. నన్ను లాక్కుని మూడు నొక్కాడు. నేను పలకలేదు. మళ్ళీ నొక్కాడు. ఛానల్ పెంచే మీటతో పోదామంటే మధ్యలో నూటయాభై ఛానళ్ళు. బ్యాటరీలు దొర్లించాడు, కొరికాడు, తొడమీద బాదాడు. "నీ కాళ్ళు పట్టుకుంటానే, ఒక్కసారి" అన్నాడు. నాకు కాళ్ళు లేవని కూడా ఆయనకు తోచలేదు. నా ప్రాణమంతా ఆ మూడులోకి తెచ్చుకుందామని చూశాను. రాలేదు. తెరమీద చీర కట్టిన మగాడు చెంపదెబ్బ తింటున్నాడు, జడ్జీలు పడి పడి నవ్వుతున్నారు.

కూత ముప్పై సెకన్లే. అందులో ఇరవై ఐదు నామీదే ఖర్చుపెట్టాడు. మెళ్ళో టేపుతో, చేతిలో నాతో రోడ్డుకు అడ్డంపడి పరిగెత్తాడు. సగం రోడ్డులో ఉండగానే టీ కొట్టు ఈలలతో మారుమోగింది. మీరా ఇద్దరిని తాకి వెనక్కొచ్చి గెలిపించాడట. మేం గుమ్మం ఎక్కేసరికి తెరమీద సబ్బు ప్రకటన వస్తోంది.

తర్వాత మళ్ళీ మళ్ళీ చూపించారు. పేరయ్య ఫోన్లోనూ చూపించాడు. సుభానీ చూశాడు, బాగుందన్నాడు. ఫోటోలు చూసినవాడిలాగే అన్నాడు.

కాసేపటికి మీరా ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు చూళ్ళేదుగా?"

"లేదురా. చూళ్ళేకపోయా. ఈ రిమోట్..."

"నాకు తెలుసన్నా! నీ కన్ను సంగతి మాస్టారు ఎప్పుడో చెప్పాడు. దిగేటప్పుడు అదే అనుకున్నా, మా అన్న చూడకుండా ఉంటే చాలని. రేపటేడు కూడా చూడమాకన్నా."

సుభానీ నావైపు చూశాడు. ఆ పిల్లాడి గెలుపుకు అన్న కన్ను కారణం కాదు, వాడి కాళ్ళే కారణం. అన్న చూడకపోవడానికి నా మూడు కింది మురికి కారణం. ఈ రెండు ముక్కలూ చెప్పగలిగితే ఎంత బాగుండేది.

"సర్లేరా" అన్నాడు సుభానీ.

మస్తాన్‌బీ నన్ను విప్పి, దూదిని పెట్రోలులో ముంచి ప్రతి మీటా తుడిచి, మళ్ళీ కవరు తొడిగింది. ఈసారి సుభానీ పీకలేదు. ఈ ఏడు మీరా తొలి ఏడుగురిలోనే ఉన్నాడు. ప్రతి ఆటలోనూ కూతకు వెళ్తున్నాడు. టీ కొట్టు ఊగిపోతోంది. మా షాపులో మాత్రం కామెడీ నడుస్తోంది. సుభానీ దాన్ని తిట్టడం కూడా మానేశాడు.

నిన్న మస్తాన్‌బీ ఉండబట్టలేక అడిగేసింది. "ఒక్క నిమిషం పెట్టుకో. వాడికెట్టా తెలుస్తది?"

"తెలవదు. కానీ నేను చూస్తున్నప్పుడే వాడు పట్టుబడితే?"

ఆవిడ మళ్ళీ కాజాలు కుట్టుకుంది. నా మూడు ఇప్పుడు తాకితే చాలు పలుకుతుంది. ఆట ఉన్నంతసేపూ సుభానీ బొటనవేలు దానిమీదే ఉంటుంది. నొక్కడు.