ఎనిమిదో తరగతి, అన్నాల తర్వాత

ఏప్రిల్ ఇరవైమూడో తారీఖు పొద్దున పదకొండింటికల్లా బడి ఖాళీ అయిపోయింది. ప్రోగ్రెస్ కార్డు చేతిలో పడటమే ఆలస్యం, పిల్లలు గేటు దాటి గుణదల వీధుల్లోకి తుర్రుమన్నారు. మార్కులు ఎన్నొచ్చాయో చూసుకున్న పాపాన ఒక్కడూ పోలేదు. ఇక మిగిలింది ఎనిమిదిమంది టీచర్లు, హెడ్మిస్ట్రెస్ జ్ఞానప్రసూనాంబ గారు, ఆయా సంపూర్ణమ్మ, స్టాఫ్ రూములో కిటికీ పక్కన వరసగా పెట్టిన క్యారేజీలు.

ఆ బడికో ఆచారం ఉంది. చివరి పనిదినాన తలా ఒక వంటకం తెచ్చుకుని అందరూ కలిసి తింటారు. కాకపోతే జూన్‌లో నడవాల్సిన టైం టేబుల్ తయారై, దానిమీద హెడ్మిస్ట్రెస్ సంతకం పడేదాకా ఏ క్యారేజీ మూతా తీయకూడదు. ఈ రూలు ఎవరు పెట్టారో ఇప్పుడున్నవాళ్ళెవరికీ తెలీదు గానీ, పెట్టిన మహానుభావులకి మాస్టార్ల సంగతి బాగా తెలుసని మాత్రం ఒప్పుకోవాలి. కడుపులో ఎలుకలు పరిగెడితే తప్ప ఉపాధ్యాయులు ఒక మాట మీదికి రారు.

ఇరవై రెండేళ్ళుగా ఆ టైం టేబుల్ వేసింది లెక్కల మాస్టారు నాగేశ్వరరావు గారు. ఆయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. పోయిన వారమే ఫిజికల్ సైన్స్ టీచరు నజీరాని పిలిచి, "ఇహనుంచి ఇది నీ నెత్తినేనమ్మా" అని బల్ల అప్పగించేశారు.

బల్లంటే బల్లే. నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క, దానిమీద పెయింటుతో గీసిన గళ్ళు. ఐదు తరగతులు, ఆరు రోజులు, రోజుకి ఎనిమిది పీరియడ్లు, వెరసి రెండువందల నలభై గళ్ళు. ఒక్కో టీచరుకి ఒక్కో రంగు బొట్టుబిళ్ళ. నాగేశ్వరరావు గారు ఒకనాడు ఇంట్లో తల దువ్వుకుంటూ, అద్దం చుట్టూ వాళ్ళావిడ అంటించి పెట్టిన బొట్టుబిళ్ళల్ని చూసి కనిపెట్టిన పద్ధతి అది. తీసి మళ్ళీ అంటించొచ్చు, చెరిపివేతలుండవు, దూరం నుంచి చూసినా ఎవరి పీరియడ్ ఎక్కడుందో తెలిసిపోతుంది. కంప్యూటర్లొచ్చినా ఆ బల్ల గద్దె దిగలేదు.

నజీరా మొన్న ఆదివారం బీసెంట్ రోడ్డుకి వెళ్ళి ఎనిమిది రంగుల బొట్టుబిళ్ళలు కొంది. కొట్టతను ఆవిడ తలమీది చున్నీ కేసీ, చేతిలోని ప్యాకెట్ల కేసీ రెండుసార్లు చూసి, "పేరంటమా మేడం?" అని అడిగాడు. "కాదండీ, టైం టేబుల్" అంది నజీరా. అతను గబగబా ప్యాకెట్లు కట్టి ఇచ్చేశాడు.

నజీరాకి ఈ పని వచ్చినందుకు లోలోపల ఎగిరి గంతేయాలనిపించింది. ఎందుకో చెప్పాలి. వరండా చివర ల్యాబ్ అనే గది ఒకటుంది. అందులో బీకర్లున్నాయి, స్పిరిట్ దీపాలున్నాయి, దుమ్ముంది. లేనిది పిల్లలు. ప్రయోగం చేయించాలంటే వరసగా రెండు పీరియడ్లు కావాలి. ఎనిమిదేళ్ళుగా ప్రతి ఏప్రిల్‌లోనూ నజీరా అడగడం, "విడివిడిగా అయితే దొరుకుతాయమ్మా, జంటగా కుదరటం లేదు" అని నాగేశ్వరరావు గారు నిజంగానే బాధపడుతూ చెప్పడం. దాంతో పిల్లలు లిట్మస్ కాగితం బొమ్మ గీసి, స్కెచ్ పెన్నుతో నీలం రంగు వేసి, ఆమ్లంలో ముంచితే ఎర్రబడుతుందని రాసి, పదికి పది తెచ్చుకుంటున్నారు. అది ఎర్రబడటం ఒక్కడూ కళ్ళారా చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే నజీరాకి తను సైన్స్ చెబుతోందో పుక్కిటి పురాణం చెబుతోందో తెలిసేది కాదు. ఈసారి బల్ల తన చేతిలోనే ఉంది. వారానికి ఒక్క జంట, కనీసం ఎనిమిదో తరగతికి. అంతకు మించి ఆవిడకి ఏ కోరికా లేదు.

కానీ నజీరాకి ఒక జబ్బుంది. ఎదుటివాళ్ళు అడిగితే కాదనలేదు.

బల్ల చేతులు మారిందన్న వార్త పొక్కగానే మొదట తెలుగు మాస్టారు రామకోటేశ్వరరావు గారు నూజివీడు రసాల బుట్టతో దిగారు. "మా తోటలోవేనమ్మా, పిల్లలకి. అన్నట్టు ఆ ఎనిమిదో తరగతి ఉంది చూశావూ, అన్నాల తర్వాత నాకు వెయ్యొద్దు. అసలు అన్నాల తర్వాత ఏ తరగతీ వద్దులే. భుక్తాయాసంలో పద్యం నోరు తిరగదు" అన్నారు. ఆయనకి భోజనం కాగానే స్టాఫ్ రూములో కుర్చీలోనే ఒక కునుకు తీయడం ముప్ఫయ్యేళ్ళ అలవాటు. ఆ గురక విని తొమ్మిదో తరగతివాళ్ళు టైము చెప్పగలరు.

తర్వాత బయాలజీ చెప్పే సంయుక్త గోంగూర పచ్చడి సీసాతో వచ్చింది. "అక్కా, ఎనిమిదో తరగతి అన్నాల తర్వాత మాత్రం నావల్ల కాదక్కా. జీర్ణవ్యవస్థ చెబుతుంటే నలభైమందీ అరిగించుకుంటూ నిద్రపోయారు" అని వాపోయింది.

పీఈటీ జోయెల్ ఏమీ తేలేదు గానీ వాదన తెచ్చాడు. "తిన్నాక పరిగెత్తిస్తే కక్కుకుంటారండీ మేడం. వాళ్ళమ్మలొచ్చి నన్ను పరిగెత్తిస్తారు. ఎనిమిది కాకుండా ఇంకేదన్నా ఇవ్వండి."

అందరికీ నజీరా అన్నది ఒకటే మాట. "అలాగేనండీ."

ఆ "అలాగే"లన్నీ కలిసి ఇవాళ మెడకి చుట్టుకున్నాయి. పన్నెండున్నర అయింది. నజీరా బల్ల ముందు నిలబడి ఒక బిళ్ళ తీసి ఇంకోచోట అంటిస్తోంది, అక్కడిది తీసి మరోచోట అంటిస్తోంది. క్యారేజీల్లోంచి పులిహోర వాసన, తను తెచ్చిన బిర్యానీ వాసన కలిసి గదంతా తిరుగుతున్నాయి. రామకోటేశ్వరరావు గారు అయిదు నిమిషాలకోసారి గుటకలు మింగుతూ గడియారం చూస్తున్నారు.

మిగతా తరగతుల గళ్ళన్నీ నిండిపోయాయి. ఎనిమిదో తరగతికి మాత్రం నలభై ఎనిమిది గళ్ళుంటే బిళ్ళలు నలభై ఆరే. మిగతా రెండూ 'స్టడీ అవర్'. అంటే పాఠం ఉండదు, ఎవరో ఒకరు వెళ్ళి కూర్చుని కేకలెయ్యాలి. ఏటా నాగేశ్వరరావు గారు వాటిని సోమవారం ఒకటి, శుక్రవారం ఒకటి చివరి పీరియడ్‌లో పడేసి, దొరికినవాళ్ళని కూర్చోబెట్టేవారు. ఖాళీ గడి ఉంటే జ్ఞానప్రసూనాంబ గారు సంతకం పెట్టరు.

నజీరా లెక్కపెట్టింది. రెండు ఖాళీలుండాలి. మూడున్నాయి. ఏడో తరగతి శనివారం రెండో పీరియడ్ కూడా ఖాళీగా ఉంది.

"ఒక బొట్టు పోయిందండీ" అంది బిక్కమొహం వేసి.

గది గదంతా ఒక్కసారిగా లేచింది. పోయింది ఏ రంగో తెలియాలి కదా! అందరూ బల్లమీద పడి తమ తమ రంగులు లెక్కపెట్టుకోవడం మొదలెట్టారు. జోయెల్ రెండుసార్లు లెక్కపెడితే రెండు రకాలుగా వచ్చింది. సంయుక్త బీరువా కింద దూరింది. నాగేశ్వరరావు గారు తన చొక్కా వెనక అంటుకుందేమోనని గిర్రున తిరిగారు. రామకోటేశ్వరరావు గారు తన ఎర్రబిళ్ళలు మెల్లిగా లెక్కపెట్టుకుని, మొహం వెలిగిపోతుండగా, "నాదేనమ్మా! ఒకటి తగ్గింది. తగ్గితే తగ్గిందిలే, దానికోసం ఇంత గొడవెందుకు? దైవసంకల్పం అనుకుందాం" అన్నారు.

"వారానికో పీరియడ్ ఎగ్గొట్టడం దేవుడి సంకల్పమా మాస్టారూ?" అన్నారు జ్ఞానప్రసూనాంబ గారు కళ్ళజోడు పైనుంచి.

సరిగ్గా అప్పుడు సంపూర్ణమ్మ మంచినీళ్ళ బిందెతో లోపలికొచ్చింది. బీరువా కింద వెతుకుతున్న సంయుక్త తలెత్తి చూసి వేలు చూపించింది. సంపూర్ణమ్మ నుదుటిమీద ఏడో తరగతి, శనివారం, రెండో పీరియడ్ నిగనిగలాడుతోంది.

"ఏందమ్మా, అందరూ అట్టా చూత్తన్నారు?" అంది సంపూర్ణమ్మ బిందె దించి.

"ఆ బొట్టెక్కడిది సంపూర్ణమ్మా?"

"ఇందాక తుడుత్తా ఉంటే చెమటకి నాది జారిపోయిందండీ. బోసిమొహంతో తిరిగితే బాగుంటదా? చెక్క నిండా అన్ని బొట్లున్నయ్యి, ఒకటి తీసుకుంటే ఏమవుద్దిలే అనుకున్నా. ఇచ్చెయ్యమంటారా?"

"అపచారం!" అని జ్ఞానప్రసూనాంబ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "ముత్తయిదువ నుదుట బొట్టు తీయించి ఆ పాపం నేను మూటగట్టుకోనా? ఉంచుకోవే తల్లీ, నీ నుదుటనే ఉంచుకో."

"మరి ఏడో తరగతికి తెలుగెవరు చెబుతారు?" అన్నాడు జోయెల్.

"సంపూర్ణమ్మ చెబుద్ది" అంది సంయుక్త బీరువా కింద నుంచి.

ముందు ఎవరు నవ్వారో తెలీదు. జోయెల్ కడుపు పట్టుకుని కిటికీకి చేరగిలబడ్డాడు. ఏం జరుగుతోందో అర్థంకాకపోయినా సంపూర్ణమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ నాగేశ్వరరావు గారు, "ప్యాకెట్లో ఇంకా బిళ్ళలు లేవా అమ్మాయ్?" అని అడిగారు. నజీరా సంచి తీసి చూసింది. ఎర్రవి ఇంకా పదకొండున్నాయి. అరగంటగా తొమ్మిదిమంది చదువుకున్నవాళ్ళు గదంతా గాలించారు గానీ సంచిలో చెయ్యి పెట్టాలని ఎవరికీ తోచలేదు. మళ్ళీ నవ్వులు. ఒక్క రామకోటేశ్వరరావు గారు మాత్రం కొత్త బిళ్ళ అంటుకుంటుంటే దిగాలుగా చూశారు.

ఇక ఎనిమిదో తరగతి రెండు గళ్ళే మిగిలాయి. నజీరా వాటికేసి చూసింది. పొద్దుటినుంచీ విడివిడిగా చూస్తోంది, ఎవర్ని ఒప్పించాలా అని తల పట్టుకుంటోంది. గురువారం, అయిదో పీరియడ్. గురువారం, ఆరో పీరియడ్. అందరూ వద్దువద్దని తమ బిళ్ళలు తీయించుకుంటూ పోతే ఎవరికీ అక్కర్లేని ఆ రెండు గళ్ళూ పక్కపక్కన వచ్చి చేరాయి.

నజీరా ఆ రెండు గళ్ళమీదా వేలు పెట్టింది. "మేడం" అంది. మళ్ళీ, "మేడం గారూ, ఈ రెండూ నేను తీసుకుంటానండీ. ల్యాబ్‌కి" అంది.

నాగేశ్వరరావు గారు గబుక్కున ముందుకొచ్చి బల్లకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు. "జంట పడింది!" అన్నారు. "ఎనిమిదేళ్ళు నేను లెక్కలేసి వెతికానే! ఈ అమ్మాయి ఎవర్నీ కాదనకుండా సాధించేసింది!" ఆయన ఆనందం చూసి నజీరాకి ఏడుపొచ్చినంత పనయింది.

జ్ఞానప్రసూనాంబ గారు పెన్ను మూత తీసి, ఆగారు. "బాగానే ఉంది నజీరా. కానీ నలభైమంది పిల్లలు, యాసిడ్లు, దీపాలు. ఒక్కదానివల్ల కాదు. ఇంకో టీచరు తోడుంటేనే సంతకం. గురువారం ఆ టైములో ఖాళీ ఎవరు?"

సంయుక్తకి గురువారం అయిదు, ఆరు పీరియడ్లు ఏడో తరగతిలో ఉన్నాయి. జోయెల్‌ది ఆరో తరగతి గ్రౌండులో. మిగతావాళ్ళకీ ఏదో ఒక పని ఉండనే ఉంది. ఒక్కొక్కరి చూపూ బల్లమీద వెతుక్కుంటూ వెళ్ళింది. అన్నాల తర్వాత వారం మొత్తంలో ఎక్కడా కనిపించని రంగు ఒక్కటే ఉంది. ఎరుపు.

అందరూ నెమ్మదిగా రామకోటేశ్వరరావు గారి వైపు తిరిగారు.

"నేనా?" అన్నారాయన. "నేను తెలుగువాణ్ణి కదమ్మా! నాకు యాసిడ్ల సంగతి ఏం తెలుసు? పైగా నాకు బీపీ." ఆయన నజీరా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "అమ్మా నజీరా, నువ్వు బంగారు తల్లివి. ఆ రెండూ విడగొట్టి ఎక్కడన్నా పడేద్దూ. వచ్చే ఏడు చూసుకుందువుగాని. రేపే ఇంకో బుట్ట పంపిస్తా, ఈసారి చెరుకు రసాలు. సరేనా?"

నజీరా నోరు తెరిచింది. "అలాగేనండీ" నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన పెద్దాయన. తను చేరిన కొత్తలో ఎంతో ఆదరించిన మనిషి. కానీ స్కెచ్ పెన్నుతో రంగు వేసిన లిట్మస్ కాగితాలు ఎనిమిదేళ్ళవీ కళ్ళముందు కదిలాయి.

"కుదరదండీ మాస్టారూ" అంది.

అన్నాక తనే ఉలిక్కిపడింది. గదంతా ఉలిక్కిపడింది. ఎనిమిదేళ్ళలో నజీరా నోట ఆ మాట విన్నవాళ్ళు లేరు. రామకోటేశ్వరరావు గారు ఆవిడ మొహంలోకి అలాగే చూస్తూ నిలబడ్డారు. నజీరా కళ్ళు దించుకోలేదు.

"అంతేనంటావా?" అన్నారు చివరికి.

"అంతేనండీ. గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకి. ఆలస్యం చెయ్యకండి."

జ్ఞానప్రసూనాంబ గారు బల్ల మూల మీద సంతకం గీకేశారు. మరుక్షణం క్యారేజీల మూతలు టపటపా లేచాయి. సంపూర్ణమ్మ విస్తళ్ళు పరిచింది. ఎవరో పులిహోర అన్నారు, ఎవరో బిర్యానీ అన్నారు, ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. నజీరాకి మాత్రం ముద్ద దిగడం లేదు. మాస్టారి మనసు నొప్పించానేమోనని ఓరగా చూస్తే, ఆయన విస్తరి ముందు కూర్చుని తినకుండా ఏదో ఆలోచిస్తున్నారు.

"అమ్మా నజీరా" అన్నారు కాసేపటికి, బిర్యానీలో చెయ్యి పెట్టి.

"అండీ."

"ఆ కాగితం, నీలంది. నేను ఎనిమిదో తరగతి చదివినప్పుడు మాకూ చూపించలేదు ఎవరూ. అది నిజంగా ఎర్రబడుద్దా?"

"ఎర్రబడుద్దండీ."

"అయితే మొదటి కాగితం నేనే ముంచుతా. పిల్లలకి ముందే చెప్పి పెట్టు" అని ఆయన పెద్ద ముద్ద కలుపుకున్నారు.