వేళ, వేల

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు లింబాద్రి దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని కృపారావు ఫ్లాట్ తలుపు కొట్టి, వాల్వ్ ఎక్కడుందని అడిగాడు. అతని భుజాన పనిముట్ల సంచి, చేతిలో పైపు రెంచి ఉన్నాయి.

"యాడ లీకైతుంది సార్? కిచెనా, బాత్రూమా?"

కృపారావుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వారం కిందట దోహా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అతనే మెసేజ్ పెట్టాడు: వాల్వ్‌ల గురించి బాగా తెలిసినవాళ్ళు శుక్రవారం మా ఇంటికి రాగలరా, భోజనం ఇక్కడే. పాత రేడియోల్లో వెలిగే గాజు ట్యూబులను అతని తండ్రి వాల్వులనేవాడు. కొడుక్కీ ఆ మాటే అలవాటైంది. గ్రూపు మొత్తంలో ఆ పిలుపుకు వచ్చింది నజ్మాలో ఉండే ఈ పైపు ఫిట్టర్ ఒక్కడే.

"లీకేమీ లేదండీ. ఇది వేరే వాల్వ్. పాటలకి సంబంధించింది."

లింబాద్రి రెంచిని సంచిలో పెట్టుకున్నాడు. "భోజనమైతే ఉన్నది గద?"

"ఉంది, లోపలికి రండి అన్నయ్యా," అంది వంటింట్లోంచి కృపారావు భార్య ప్రవల్లిక.

హాల్లో ఉమైర్ నేల మీద కూర్చుని వైర్లు కలుపుతున్నాడు. అతను హైదరాబాదువాడు. ముషైరిబ్‌లో ఒక ఆడియో షాపులో పని చేస్తాడు. సెలవు రోజైనా నమాజు కాగానే షాపులోంచి రెండు పెట్టెలు కారులో వేసుకుని వచ్చాడు. ఇంట్లో విని చూసి, నచ్చిందే ఉంచుకొమ్మన్నాడు. వాటిలో ఒకటి నలుపు, ఒకటి బూడిద రంగు. రెండింటి పైనా గాజు ట్యూబులు వెలుగుతున్నాయి. వీటిలో ఏదో ఒకటి కొనడానికే కృపారావు దంపతులు ఈ ఏడాది కారు మార్చే ఆలోచన మానుకున్నారు.

"ఇదేం జేస్తది?" అని అడిగాడు లింబాద్రి.

"రికార్డు మీద సూది తెచ్చే శబ్దం చీమంత ఉంటుంది. ఈ పెట్టె దాన్ని పెంచి స్పీకర్‌కి పంపుతుంది. దీన్ని ఫోనో ప్రీఆంప్ అంటారు," అన్నాడు కృపారావు.

"అంటే బూస్టర్ పంపు."

"అంతే," అన్నాడు ఉమైర్. "షాపులో నేను అరగంట చెప్పేది ఈయన ఒక్క మాటలో చెప్పిండు."

భోజనాల దగ్గర కృపారావు సంగతంతా చెప్పాడు. అతని తల్లి దేవకుమారి నర్సాపురంలో నర్సు. చర్చి క్వయర్‌లో పాడేది. అతనికి మూడేళ్ళప్పుడు పోయింది. ఆమె గొంతు అతనికి గుర్తు లేదు. ఆమె పోవడానికి ముందు ఏడాది క్వయర్ మద్రాసు వెళ్ళి ఒక క్రిస్మస్ పాట రికార్డు చేసింది. స్టూడియోవాళ్ళు నమూనాకి ఒక డిస్క్ కోసి ఇచ్చారు. తర్వాత కాపీలు వేయలేదు. అది అల్యూమినియం పళ్ళెం మీద లక్క లాంటి పూత. సూది తిరిగిన ప్రతిసారీ ఆ పూత కొంత పోతుంది. దాన్ని ఇన్నేళ్ళూ చీర మడతల్లో దాచింది అక్క ఎవాంజెలిన్. కిందటేడు రాజమండ్రి నుంచి వస్తూ, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

ఉమైర్ దాన్ని షాపులో భూతద్దం కింద చూశాడు. "రెండు మూడు సార్లు వినొచ్చు. తర్వాత నేను గ్యారంటీ ఇయ్యలేను," అన్నాడు. అందుకని ప్రీఆంప్ ఎంచుకోవడానికి దాన్ని వాడకూడదు. ముందు ఎంపిక తేలాలి. తర్వాత దాన్ని ఒక్కసారి పెట్టి, అప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి.

"అందరు కలిసి పాడిన్రు గద. అండ్ల మీ అమ్మను ఎట్ల గుర్తు పడతరు?" అన్నాడు లింబాద్రి.

"అమ్మకి ళ పలికేది కాదట. ప్రతి చరణం చివరా 'వేళ' అని వస్తుంది. అందరూ వేళ అంటే అమ్మ వేల అనేదని అక్క చెప్పింది. క్వయర్ మాస్టారు విన్సెంట్ గారు చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి వెనక వరుసలోకి పంపేశారట."

"గీ దానికేనా? మా దిక్కు అందరం గట్లనే అంటం సార్. నీల్లు, కల్లు. మమ్ములను ఎవ్వలు ఎనుకకు పంపలే."

ప్రవల్లిక నవ్వి అతనికి ఇంకో చేప ముక్క వేసింది.

పరీక్ష కోసం కృపారావు ఒక పాత రికార్డు సిద్ధం చేసుకున్నాడు. హైదరాబాదు కోఠీలో పేవ్‌మెంట్ మీద దొరికింది. చిన్నపిల్లలకు ఉచ్చారణ నేర్పే రికార్డు. అందులో పంతులమ్మ ఒక్కొక్క మాట చెప్పి ఆగుతుంది. కల. కళ. వేళ. వేల. ఏ వరుసలో చెబుతుందో అట్ట మీద అచ్చు వేసి ఉంది. కృపారావు అట్టను లింబాద్రి చేతికిచ్చి, తను విన్న మాట చెబితే సరిచూడమని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మొదట నల్ల పెట్టె పెట్టారు. ఉమైర్ ఓటు దానికే. గీతల చప్పుడు దాదాపు పోయింది. పంతులమ్మ గదిలో కూర్చుని చెబుతున్నట్టు ఉంది.

"కల," అన్నాడు కృపారావు.

"తప్పు సార్. కల."

"అదేగా నేనన్నది?"

"నేననేది రెండో కల."

ఉమైర్ పగలబడి నవ్వాడు. లింబాద్రి అట్టను ప్రవల్లికకు ఇచ్చేశాడు. ఆమె టీచరు. స్కూల్లో పిల్లల కాపీలు దిద్దే గొంతుతో "తప్పు", "తప్పు", "ఇది రైటు, గుడ్డిగా చెప్పారు" అంటూ పోయింది. నల్ల పెట్టెతో కృపారావు సగం తప్పాడు.

బూడిద రంగు పెట్టెతో గీతల చప్పుడు తిరిగి వచ్చింది. నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటమంది. ఉమైర్ మొహం చిట్లించాడు. పంతులమ్మ "వేళ" అన్నప్పుడు నాలుక మడత పడిన చప్పుడు కృపారావుకు వినిపించింది. "వేల" అన్నప్పుడు వినిపించలేదు. అతను రికార్డు చివరిదాకా ఒక్కటే తప్పాడు.

"నా చెవికి నల్లదే బాగుంది భాయ్," అన్నాడు ఉమైర్. "గీతలను మింగినట్టు, ఆ ళను కూడా అదే మింగినట్టుంది. అయితే రికార్డు అమ్మగారిది. ఇదే పెట్టుకోండి."

కృపారావు అతని చేయి పట్టుకున్నాడు. సెలవు పాడు చేసుకుని వచ్చినందుకు ఏదో చెప్పబోయాడు. "యల్లా, కానీయండి, అక్కకి ఫోన్ కలపండి," అన్నాడు ఉమైర్.

ఎవాంజెలిన్ రాజమండ్రిలో ఫోన్ ఎత్తింది. టీవీ ఆపేశానని చెప్పింది. ప్రవల్లిక ఎవరెవరు వచ్చారో ఆమెకు చెప్పి, ఫోన్‌ను స్పీకర్ పక్కన పెట్టింది. లింబాద్రి అడక్కుండానే లేచి ఏసీ ఆపాడు. ఉమైర్ కంప్యూటర్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, సూది దించాడు.

చిటపటల వెనక నుంచి హార్మోనియం, దాని మీద గొంతులు వచ్చాయి. మొదటి చరణం చివర అందరూ ఒక్కసారే ఆగారు. కృపారావుకు ఏమీ తెలియలేదు. రెండో చరణం చివర గీత అడ్డం వచ్చింది. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. మూడో చరణానికి ముందే హార్మోనియం ఆగిపోయింది. గొంతులు మాత్రమే పాడాయి. "వేళ" అని ఆగాయి. ఆగిన తర్వాత దూరం నుంచి ఒక గొంతు ఆగింది.

"వేల."

సూది లేచింది.

"అక్కా," అన్నాడు కృపారావు.

"అదేరా తమ్ముడూ. అమ్మే." ఆమె ముక్కు చీదుకుంది. "వెనక్కి పంపితే మాస్టారి చెయ్యి కనపడేది కాదంట. పక్కవాళ్ళని విని ఆపేదాన్నని చెప్పేది. అందుకే ఆలస్యం. ముందు వరుసలో ఉండుంటే అందరిలో కలిసిపోయేదిరా. విన్సెంట్ మాస్టారిని నేను చిన్నప్పుడు ఎంత తిట్టుకున్నానో. ఆయనకి వందనాలు చెప్పాలి."

"చెబుదాం అక్కా."

"ఆ లింబాద్రి గారెవరో అన్నం తిన్నారా?"

"తిన్న అక్కా," అన్నాడు లింబాద్రి. "చాప మస్తుగున్నది."

ఉమైర్ కంప్యూటర్‌లో రికార్డింగ్ భద్రపరిచి, ఎవాంజెలిన్‌కు ఒక కాపీ పంపాడు. నల్ల పెట్టెను అట్టపెట్టెలో సర్దాడు. దాన్ని ఒకవైపు అతను, ఒకవైపు లింబాద్రి పట్టుకుని కారు దాకా మోశారు. కృపారావు డిస్క్‌ను కవర్లో పెట్టి, ప్రవల్లిక తెచ్చిన చీర మడతలో ఉంచాడు. ఆ రోజు దాన్ని మళ్ళీ పెట్టలేదు.