రెండో మంచం

ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఆయన పేపరు పక్కన పెట్టి, "మా తమ్ముడి ఊరికి మారిపోదామా? నువ్వేమంటావు?" అన్నారు.

చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఊరు మారడం నాకు కొత్త కాదు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బదిలీలే. ప్రతిసారీ "ఆదివారం లారీ వస్తుంది" అన్న మాటతోనే నాకు సంగతి తెలిసేది. ఒకసారి నోరు జారి, నన్నో మాట అడగకూడదా అన్నాను. అత్తగారు నవ్వి, "గిన్నెలెక్కడుంటే నువ్వక్కడ. ఇందులో అడగడానికేముంది?" అన్నారు. అలాంటిది తల నెరిశాక, ఆయన రిటైరై ఇంట్లో కూర్చున్నాక, నువ్వేమంటావు అని వినపడింది. "ఆలోచించి చెప్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

నిజంగానే ఆలోచించాను. పొయ్యి దగ్గర, పంపు దగ్గర, పాలు పొంగేదాకా నిలబడి. మరిదిది సొంత ఇల్లు, మేమూ అందులోనే ఉండొచ్చు, ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ నా తోడికోడలుంది. నాకన్నా చాలా చిన్నది. అత్తింట్లో నన్ను నవ్వించిన మనిషి తనొక్కతే. ఈమధ్య ఫోను ఎత్తడం లేదేమని అడిగితే, "కాస్త నీరసమట, తిరుగుతూనే ఉంది" అన్నారాయన. ఇక ఇక్కడ ఏముంది అంటే, వెనక వీధిలో లైబ్రరీ ఉంది. సరుకులు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుంటూ చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. అక్కడి అమ్మాయి కిటికీ పక్క కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వదు, "మా పెద్దమ్మ వస్తుంది, లేవండి" అంటుంది. నేను వెళ్తుంటే ఈయన, "ఏ పరీక్ష రాస్తావే ఈ వయసులో?" అంటారు. అనుకోనీ. ఆ కాసేపు నన్నెవరూ పిలవరు. ఆ కుర్చీ వదిలి వెళ్ళాలనుకుంటేనే పాత వీడ్కోళ్ళన్నీ గుర్తొచ్చాయి. ఒక ఊళ్ళో పక్కింటావిడ, మేం మర్చిపోయిన చీపురు పట్టుకుని లారీ వెనక పరిగెత్తుకొచ్చింది. నవ్వుతూ పరిగెత్తి, అందించి, ఏడుస్తూ నిలబడిపోయింది. బతికుందో లేదో కూడా నాకు తెలియదు. ఇంకోసారి నావల్ల కాదు అనిపించింది. మళ్ళీ తోడికోడలి నవ్వు గుర్తొచ్చింది. కుర్చీ ఇంకోచోట దొరుకుతుంది, మనిషి దొరకదు కదా అనుకున్నాను. సరే అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నా మాటకి అంత విలువ ఉందా అని పొంగిపోయాను కూడా.

సామాను పంపేముందు ఒకసారి ఇల్లు చూసొద్దామని బస్సెక్కాం. గుమ్మంలోనే మరిది ఎదురొచ్చాడు. "రా వదినా. ముందు అన్నయ్య గది చూడు." వీధి వైపు గది, రెండు కిటికీలు, పడక్కుర్చీ, పేపరు చదువుకోవడానికి బల్ల. మంచం మాత్రం ఒక్కటే ఉంది, ఒక్కరికి సరిపడేది.

"మరి నాకు?"

"నీకు లోపల వేశాం వదినా."

లోపలి గదిలో మందుల వాసన. మంచం మీద జుట్టు పొట్టిగా కత్తిరించిన మనిషెవరో పడుకుని ఉంది. మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. ఆ కళ్ళు నన్ను చూసి తడిస్తే గానీ నా తోడికోడలని పోల్చుకోలేకపోయాను. ఆ మంచానికి ఆనించి రెండో మంచం, దాని మీద కొత్త దుప్పటి. తలవైపు ఒక చిన్న గంట కట్టి ఉంది. దాని తాడు తోడికోడలి కుడిచేతి దగ్గర వేలాడుతోంది.

"ఎప్పుడయింది ఇలా?"

"పక్షవాతం వచ్చి చాలా నెలలైంది వదినా. నువ్వు కంగారు మనిషివని అన్నయ్యే చెప్పొద్దన్నాడు. పనివాళ్ళు నిలవడం లేదు. నేనే చెప్పాను, వదినని బలవంతం చెయ్యకు, ఇష్టపడి వస్తేనే తీసుకురా అని. మనసులేని చాకిరీ రోగికి మంచిది కాదు కదా. నువ్వు కాదనవని నాకు తెలుసు." తర్వాత మామూలుగా అన్నాడు, "టీ నువ్వే పెట్టు. నీ చేతి టీ తాగి ఎన్నాళ్ళయిందో."

అన్నదమ్ములిద్దరూ ముందుగదిలోకి వెళ్ళారు. నేను ఆ కొత్త దుప్పటి మీద కూలబడ్డాను. నువ్వేమంటావు అని ఆయన అడిగింది నన్ను కాదు. పనిమనిషి మనసుపెట్టి చేస్తుందో లేదో చూసుకున్నారు. తనకిలా అయింది, సాయం కావాలి అని ఒక్క మాట నిజం చెప్పి ఉంటే, నా అంతట నేనే పరిగెత్తుకు వచ్చేదాన్ని.

"అక్కా, రావద్దు." ఒక్కో మాటా కూడదీసుకుని అంది తోడికోడలు.

"ఏం తల్లీ, నామీద కోపమా?"

తల అడ్డంగా ఊపింది. "పొద్దున్నే ఒకమ్మాయి వస్తుంది. పట్టుకుని నడిపిస్తుంది. నిన్న... కిటికీ దాకా వెళ్ళాను. నువ్వొచ్చాక ఆ అమ్మాయిని మానిపిస్తారట. వదిన అన్నీ మంచం దగ్గరికే అందిస్తుంది, ఇంక నువ్వు నడవాల్సిన పనేముంది అన్నారు."

"నేను చెప్తాను, మానిపించవద్దని."

"వినరు." సగం మూతితోనే నవ్వింది. "నువ్వు బాగా చేస్తావక్కా. అదే నా భయం."

తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇలా చూశాక వదిలి వెళ్ళడం ఎలా? ఉండిపోతే మాత్రం, తను ఎప్పటికీ మంచం దిగదు. కిటికీ వైపు చూశాను. మంచానికీ కిటికీకీ మధ్య నడవడానికున్న చోటులో సగం ఈ రెండో మంచమే ఆక్రమించింది.

లేచి గంట విప్పాను. మంచం తలుపు వైపు లాగాను. ఆ చప్పుడుకి ఇద్దరూ వచ్చారు.

"టీ ఏదే? ఏం చేస్తున్నావు?" అన్నారాయన గుమ్మంలో నిలబడి.

"నేనిక్కడికి మారడం లేదు. సాయంత్రం బస్సుకి ఇంటికి వెళ్ళిపోతాను."

"అదేంటి? నిన్ను అడిగేగా చేసింది?"

"ఊరు మారతావా అని అడిగారు. దీని సంగతి చెప్పారా?"

"పెద్దదానివి వదినా, నువ్వే ఇలా అంటే దీన్నెవరు చూస్తారు?" అన్నాడు మరిది.

"నువ్వున్నావు. మీ అన్నయ్యకి గది సిద్ధంగా ఉంది, ఆయనా ఉంటారు. నడిపించే అమ్మాయిని మానిపించారని తెలిస్తే మాత్రం ఊరుకోను, వారం వారం వచ్చి చూసుకుంటాను."

ఆయన గుమ్మానికి అడ్డంగా అలాగే ఉన్నారు, మొహం ఎర్రబడింది. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ మొహం చూస్తే నా నోరు పడిపోయేది.

"పక్కకి తప్పుకోండి" అన్నాను.

తప్పుకున్నారు.

మంచం కోడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంతేనా? ఇంత తేలికని తెలియకేనా నేను అన్ని ఊళ్ళు తిరిగింది?