కొసలు కత్తిరించిన సన్నజాజి

మంగళవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు సెలూన్ యజమాని తన పెరటి గోడ దగ్గర స్టూలెక్కి, సన్నజాజి తీగ కొసలు కత్తిరిస్తూ భార్యకు దొరికిపోయాడు. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో దువ్వెన ఉన్నాయి.

తీగ నాటి మూడేళ్లయింది. నాటింది ఆమె. ఏడాది పొడుగునా ఆకు రాలకుండా గోడంతా పాకింది గానీ ఒక్క పువ్వూ పూయలేదు. ఆమె ఎరువు మార్చింది. నీళ్లు తగ్గించి చూసింది, పెంచి చూసింది. అదే ఇంట్లో ఉండే మరిది ఆ గోడ పక్కన మోటార్ సైకిల్‌కు రేకుల షెడ్ వేస్తానన్నాడు. పూయని తీగ ఉంటే ఎంత, పోతే ఎంత అన్నాడు. వచ్చే నెలాఖరులోగా ఒక్క పువ్వయినా పూయకపోతే తన చేత్తోనే పీకేస్తానని ఆమె మాటిచ్చింది.

ముందురోజు నర్సరీ ఆవిడ వచ్చి చూసి, తెగులేమీ లేదంది. మొగ్గలు కొత్త చిగుళ్ల కొసలకే వస్తాయనీ, ఆ కొసల్ని ఎవరో శ్రద్ధగా, సమంగా కోసేస్తున్నారనీ చెప్పింది. ఆ ఇంట్లో సమంగా కోయగలిగేది ఒక్కరే. మంగళవారం సెలూన్‌కు సెలవు. అందుకే ఆమె పెందలాడే లేచి వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది.

“మూడేళ్లుగా దీని కొంప ముంచుతున్నది మీరా?”

ఆయన స్టూలు దిగలేదు. “చెవుల మీదికి దిగుతోందే. చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.”

“దానికి చెవులెక్కడివండీ?”

పదిహేను రోజులకోసారి కత్తిరిస్తున్నట్టు ఆయన ఒప్పుకున్నాడు. కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని ముప్పై ఏళ్లుగా వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. తీగకూ అంతే అనుకున్నాడు.

మరిది పళ్లు తోముకుంటూ వచ్చి సంగతంతా విన్నాడు. తప్పు అన్నయ్యదే అయినా గడువు గడువేనన్నాడు. “కొలతలు తీసుకోనా వదినా?”

“ఆగవయ్యా. ఇంకా ముప్పై రెండు రోజులుంది.”

ఇకమీదట పెరట్లోకి వస్తే చేతులు వెనక్కి కట్టుకుని రావాలని ఆమె భర్తకు చెప్పింది. ఆయన అలాగే వచ్చాడు. రెండో వారానికి కొసలు గోడ దాటి వేలాడాయి. అది చూడలేక ఆయన మంగళవారం కూడా సెలూన్ తెరిచి కూర్చున్నాడు.

ఇరవై ఆరో రోజున మొగ్గలు కనిపించాయి. ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదు పూలు విచ్చాయి. లెక్కపెట్టింది మరిదే. మర్నాడు పొద్దున షెడ్‌కని ఈలోగా కొని తెచ్చిన రేకుల్ని ఆటోలో వేసుకెళ్లి దుకాణంలో తిరిగి ఇచ్చేశాడు.