లేబుల్ చేరింది, మోటారు చేరలేదు

కర్నూలులో నాపబండలకు పాలిష్ పట్టే మిషన్లు తయారుచేసే బాలసుబ్రహ్మణ్యం శెట్టి 2006లో హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు పోయి, లేబుళ్ళు కొట్టే ప్రింటరుతో తిరిగొచ్చాడు. ఇకమీదట ఏ వర్క్ ఆర్డరుకైనా ప్రతి భాగానికీ లేబుల్ ఉండాలన్నాడు. లేబుల్ లేనిది స్టోరు గడప దాటకూడదన్నాడు. కంప్యూటర్ కోర్సు చేసిన అల్లుడు ధనుంజయకు ఆ పెత్తనం అప్పగించాడు.

ధనుంజయ ఏసీ గదిలోంచి కదలకుండా లేబుళ్ళు కొట్టేవాడు. గ్రీజు ఇనుముకు అవి అంటుకోవడం లేదని స్టోరు చూసే హంపమ్మ చెప్పింది. లేబుల్‌లో తప్పులేదు, ఇనుమునే తుడవమన్నాడు.

బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీ నడిపే మద్దిలేటి ఆర్డరిచ్చిన మిషను తయారయ్యే నాటికి మోటారు రాలేదు, దాని లేబుల్ మాత్రం వచ్చింది. ఏం చేయాలని హంపమ్మ అడిగితే, మోటారు బిగించే చోట అంటించమన్నాడు ధనుంజయ. లేబుళ్ళన్నీ అంటించారు కాబట్టి ఆర్డరు పూర్తయిందని కంప్యూటర్ చూపించింది. మిషను లారీ ఎక్కింది.

మర్నాడు మోటారు వచ్చింది. ఒకే భాగానికి రెండో లేబుల్ కొట్టడానికి కంప్యూటర్ ఒప్పుకోలేదు. దాంతో మోటారు స్టోరులోనే ఉండిపోయింది. దానిమీద హంపమ్మ టిఫిను క్యారియరు పెట్టుకునేది.

మద్దిలేటి ఫోన్ చేసి మోటారు లేదని మొత్తుకున్నాడు. పంపించామని, కావాలంటే లేబుల్ చూసుకోమని ధనుంజయ జవాబిచ్చాడు. మళ్ళీ చేసినా అదే మాట. బేతంచెర్లలో బండలు పేరుకుపోయాయి, కూలీలు ఊరికే కూర్చున్నారు. చివరికి మద్దిలేటి బండల లారీ ఎక్కి కర్నూలు వచ్చాడు. నేరుగా ఏసీ గదిలోకి పోయి, జేబులోంచి లేబుల్ తీసి బల్లమీద పెట్టాడు.

"మీరు పంపిన మోటారు ఇదేనప్పా. కరెంటు ఇచ్చి చూసినా. తిరగల్యా."

ధనుంజయ లేబుల్‌ను వెలుతురులో పట్టుకుని, నంబరును కంప్యూటర్‌తో సరిచూశాడు.

"నంబరు సరిగ్గానే ఉండాదే," అన్నాడు.

మద్దిలేటి లేబుల్‌ను వెనక్కి తీసుకున్నాడు. స్టోరుకు పోయి, హంపమ్మ చూపించిన మోటారుకు ఆ లేబుల్ అంటించాడు. ఆమె క్యారియరు తీసేసుకుంది. ఇద్దరు హమాలీలు మోటారును లారీలోకి ఎత్తారు.

లేబుల్ లేక మోటారంతటి మోటారే గడప దాటలేకపోయిందని ఆ సాయంత్రం ధనుంజయ మామకు చెప్పాడు. శెట్టి పొంగిపోయి, బజారంతా చెప్పుకున్నాడు.

తర్వాతి మిషన్ను మద్దిలేటి రాయచోటిలో కొన్నాడు. ఆ ఆర్డరు ఎందుకు చేజారిందని శెట్టి అడిగితే, కంప్యూటర్లో అలాంటి ఆర్డరేదీ లేదన్నాడు ధనుంజయ.