ల్యాబ్ అల్మరాలో షటిల్ బ్యాట్

నేను ఒక షటిల్ బ్యాట్‌ని. పంజాబ్‌లోని ఓ రేకుల షెడ్డులో పుట్టాను. అల్యూమినియం చట్రం వంచి, నైలాన్ దారం బిగించి, పిడికి నల్ల పట్టీ చుట్టి లారీ ఎక్కించారు. హనుమకొండలో ఓ బ్యాంకు ఉద్యోగి పొట్ట తగ్గించుకోవాలని నన్ను కొన్నాడు. మేకుకు తగిలించి రోజూ చూసుకున్నాడు. చూస్తే తగ్గదని తెలిశాక అన్న కూతురు ప్రసూనకు ఇచ్చేశాడు.

ప్రసూన యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె తయారుచేసే పొడి ల్యాబ్‌లోని కరెంటు కొలిమిలోంచి ఒకసారి తెల్లగా, ఒకసారి బూడిదరంగులో వచ్చేది. ఎందుకో తెలియదు. అలాంటి రోజుల్లో గుండె దడదడలాడేది, అన్నం సహించేది కాదు. సాయంత్రం నన్ను పట్టుకుని కోర్టులో చెమట పట్టేదాకా ఆడితే గానీ ఆమెకు ఊపిరాడేది కాదు. అదేం నేరం కాదు కదా! అయినా నన్ను అల్మరాలో తెల్లకోట్ల వెనక దాచేది. పని వదిలేసి ఆడుతోందని గైడ్ సారు అనుకుంటారని భయం.

ఒకరోజు సారు నడవాలో ఎదురై, "ఆట జోరుగ నడుస్తున్నట్టుంది గదా ప్రసూనా?" అని నవ్వి వెళ్లిపోయారు.

ఆ నవ్వు ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఎవరు చెప్పారు? ల్యాబ్‌లో ఉండేది ఇంకొక్కడే, జూనియర్ జోయెల్. సాయంత్రం ఆమె బయల్దేరే వేళకే అతనూ ఎటో జారుకుంటాడు. అడిగితే "గిట్లనే అక్కా" అంటాడు. ఇక అతను ఫోన్ తీస్తే అనుమానం, దగ్గితే అనుమానం. పొడి రంగు మారడానికీ అతనే కారణమనుకుంది. సీసాలకు తాళం వేసింది. మాటలు మానేసింది. కొలిమి తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. జోయెల్ ప్రయోగం ఆగిపోయింది. అతను అడగనూ లేదు. అడగకపోవడం కూడా ఆమెకు అనుమానమే. నిజం చెప్పాలంటే నాకూ అతని మీద నమ్మకం లేదు. అల్మరా తలుపు సందులోంచి చూస్తే ఎవరైనా దొంగలాగే కనబడతారు.

ఓ సాయంత్రం నన్ను చేతపట్టుకునే అతని వెనక నడిచింది. ఆ పట్టు బిగువు చూసి, ఇది ఆట కోసం కాదని నాకు అర్థమైంది. జోయెల్, గైడ్ సారు గది ముందు ఆగకుండా దాటిపోయాడు. మెట్లు దిగి హెల్త్ సెంటర్లో కౌన్సెలర్ గది ముందు బెంచీ మీద తలవంచుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి ఉలిక్కిపడి లేచాడు.

"అక్కా, సార్‌కు చెప్పకు. పిచ్చి లేసిందనుకుంటడు."

"నా సంగతి సార్‌కు చెప్తున్నది నువ్వు కాదా?"

"నేనా? నేనేం జెప్తా? ల్యాబ్‌ల అడుగు వెట్టాలంటేనే చేతులు వణుకుతున్నయి. నువ్వు మాట్లాడుడు బంద్ జేసినంక ఇంకింత ఎక్కువైంది."

ప్రసూన నన్ను ఒళ్లో పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా కదల్లేదు.

మర్నాడు సారునే సూటిగా అడిగింది, తను ఆడుతున్నట్టు ఎవరు చెప్పారని.

"ఒకరు చెప్పాల్నా? నా కిటికీ కాడ నిలబడితే కోర్టంతా కనబడ్తది. మోకాళ్లు బాగుంటే నేను గూడ దిగేటోన్ని" అన్నారాయన, కొంచెం దిగులుగా.

ఆమె తిరిగొచ్చి తాళంచెవి జోయెల్ చేతిలో పెట్టింది. "తప్పైంది తమ్మీ" అంది. పొడి రంగు మారేది గాలిలో తేమ వల్లేనని తర్వాత ఇద్దరూ కలిసే తేల్చారు.

పట్టా చేతికొచ్చి, ఉద్యోగానికి పుణె వెళ్తూ ప్రసూన నన్ను జోయెల్‌కు ఇచ్చింది. ఇప్పుడు నా పిడి వదులైంది, రెండు దారాలు తెగాయి. ఉండేది మాత్రం అతని బల్ల మీద, అందరి ఎదుట.

ఈమధ్య ల్యాబ్‌లో ఆయేషా అనే అమ్మాయి చేరింది. నిన్న గొంతు తగ్గించి, "రోజూ పొద్దుగూకంగ ఎటు పోతరన్నా?" అని అడిగింది.

"బుధవారం కౌన్సెలర్ దగ్గరికి. మిగిలిన రోజులు ఆటకు. వస్తవా?" అన్నాడు జోయెల్, గొంతు తగ్గించకుండా.

ఆ అమ్మాయి అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఇందులో ఏదో మతలబు ఉందన్నట్టే చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి చాపి నా పిడి పట్టుకుంది. పొడి రంగు మారిన రోజుల్లో ప్రసూన అరచెయ్యిలాగే ఆ అరచెయ్యీ చల్లగా, తడిగా ఉంది.