వళ్లి పెట్టని సంతకం

కల్యాణసుందరం సార్ సింగానల్లూరులో వళ్లి ఇంటికి వచ్చేసరికి ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని, మిల్లుకు పంపాల్సిన నూలు రిపోర్టు కంప్యూటర్లో సరిచూస్తోంది. పదకొండేళ్ల కిందట సూలూరు మిల్లులో మెట్ల మీంచి పడి వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. అప్పటినుంచీ తమ్ముడు ప్రభాకరన్ దగ్గరే ఉంటోంది. ఇంటి ముందే అతని మోటారు పంపుల వర్క్‌షాపు.

"కాపీ తాగుతారా సార్?"

"వద్దమ్మా, ఒక సంతకం కోసం వచ్చినా." రిటైరైన ప్రొఫెసరు ఆయన, మాట ఆచితూచి వస్తుంది. "నయంకాని జబ్బుతోనో శాశ్వత వైకల్యంతోనో బాధపడేవాళ్లు కోరుకుంటే, డాక్టరు సాయంతో చనిపోయేటందుకు చట్టం తెమ్మని అర్జీ. ఆదివారం మన పౌరహక్కుల సంఘంలో తీర్మానం. నీలాంటివాళ్లు సంతకం పెడితే దానికి బరువొస్తుంది."

వళ్లి కాగితం అందుకుని చూసింది. ఏడో సంతకం ప్రభాకరన్‌ది.

"ఆదివారం నేనే వస్తా సార్," అని మాత్రం అంది.

ఆయన వెళ్లాక పని సాగలేదు. చదివిన అంకెనే మళ్లీ చదివింది. కుర్చీని హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి వాకిట్లోకి తిప్పుతూనే ఉంది. మధ్యాహ్నం తమ్ముడు చేతుల గ్రీజు కడుక్కుని లోపలికి రాగానే అడిగేసింది.

"నేను పోవాలని సంతకం పెట్టినావా రా?"

"నీ గురించి గాదక్కా. పడిన మొదటి ఏడాది నువ్వే గదా అడిగింది? ప్రాణం తీసే ఇంజెక్షన్ వేయించమని నా చెయ్యి పట్టుకుని ఏడ్చినావు. నేనేమీ చెయ్యలేకపోయినా. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

అది నిజమే. ఆ ఏడాదంతా వెనకగదిలో మంచం మీదే గడిచింది. వీపున రెండు పుండ్లు. బాత్రూం తలుపులో కుర్చీ పట్టదు. మరదలు నిత్య రోజూ తడిబట్టతో ఒళ్లు తుడుస్తుంటే సిగ్గుతో కళ్లు మూసుకునేది. శుభ్రం చేసే పని తగ్గుతుందని అన్నం తగ్గించుకుంది. తరవాత తంగం అనే ఫిజియోథెరపిస్టు వచ్చి, పుండ్లు రాకుండా ఒత్తిగిలడం నేర్పింది, దగ్గరుండి గోడ కొట్టించి బాత్రూం తలుపు కుర్చీ పట్టేలా వెడల్పు చేయించింది. తన నీళ్లు తానే పోసుకున్న రోజు నుంచి వళ్లి మళ్లీ ఇంజెక్షన్ మాట ఎత్తలేదు.

అప్పటి డాక్టరు చాలా మంచివాడు. ఆ రోజుల్లో అట్లాంటి చట్టం ఉండుంటే? జాలితోనే ఆమె చావుకు సంతకం పెట్టేసేవాడు.

ఆదివారం ప్రభాకరన్ పంపులు మోసే మినీ వ్యానులో ఆమెను మీటింగుకు తీసుకెళ్లాడు. వళ్లి ముందు వరసలోంచే మాట్లాడింది.

"నేనూ చస్తానన్నదాన్నే. కాళ్లు బాగున్న మనిషి ఆ మాటంటే చేతిలో తాడు లాక్కుంటారు, పక్కన కూర్చుంటారు, ఏమైందని అడుగుతారు. నేనంటే మాత్రం అర్జీ రాస్తారా? నా ప్రాణం తక్కువదా?"

కల్యాణసుందరం సార్ లేచాడు. "నా భార్య లక్ష్మమ్మాళ్ క్యాన్సరుతో మూడు నెలలు అరిచింది వళ్లీ. ఆ అరుపులు నువ్వు వినలేదు. ఆమెకు నేనేం చెప్పుండాల?"

"నొప్పి మందు ఇచ్చినారా సార్?" అని అడిగింది వళ్లి.

"రెండు ఆసుపత్రుల్లో లేదన్నారు. మూడోచోట దొరికేసరికి నాలుగు రోజులే మిగిలినాయి."

"అయితే ముందు ఆ మందు అడుగుదాం. మొదటి సంతకం నాది."

"మందుకు లొంగని నొప్పి కూడా ఉంటుందమ్మా."

"ఉంటుందేమో సార్. దానికి నా దగ్గర జవాబు లేదు. నాలాంటివాళ్ల పేరు మాత్రం ఆ కాగితంలో ఉండకూడదు."

గంటసేపు వాదులాడుకున్నారు. ఆఖరికి సార్ తన చేత్తోనే 'శాశ్వత వైకల్యం' అన్న మాటలు కొట్టేశాడు. మిగతా తీర్మానం వచ్చే నెలకు వాయిదా పడింది. నొప్పి మందుల కోసం వేరే అర్జీ రాశారు. ప్రభాకరన్ పాత కాగితంలో తన పేరు గీసేసి, కొత్తదాంట్లో రాశాడు.

గెలిచినట్టు వళ్లికి అనిపించలేదు. వచ్చే నెల మళ్లీ ఏమంటారో. వ్యాను ఎక్కబోతుంటే మీటింగులో వెనక కూర్చున్న ఒకామె పరుగున వచ్చింది.

"అక్కా, మాది కారమడై. మా ఇంటాయన పళనివేల్ కొబ్బరిచెట్టు మీంచి పడి ఎనిమిది నెలలు. లేవలేడు. రెండు రోజులుగా అన్నం ముట్టడంలేదు. నన్ను వదిలెయ్యి, పోతానంటాడు."

"ఇప్పుడు ఆయన దగ్గర ఎవరున్నారు?"

"మా అత్త."

"ఎక్కు వ్యాను. ప్రభాకరా, కారమడై పోదాం, మేట్టుపాళయం రోడ్డు పట్టు."

"ఇవాళే పోవాల్నా అక్కా? పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నావు."

"దారిలో ఒకచోట ఆపు, కాసేపు ఒత్తిగిలుతా. రేపటిదాకా అతను ఆగుతాడో లేదో మనకేం తెలుసు?"

ప్రభాకరన్ వ్యాను తీశాడు. వ్యాను మలుపు తిరిగేలోపే వళ్లి ఫోన్ తీసి ఫిజియోథెరపిస్టు తంగం నంబరు నొక్కింది.